‘బాగుందా?’ అని అడగొద్దు: చూసేవాళ్ల మాటతో షార్ట్ ఫిల్మ్ పోస్టర్ దిద్దుకోవడం

షార్ట్ ఫిల్మ్ పోస్టర్ తయారయ్యాక జరిగేది అన్ని చోట్లా ఒకటే. యూనిట్ వాట్సాప్ గ్రూపులో పెడతారు. పది నిమిషాల్లో ఇరవై బొటనవేళ్లు, పది నిప్పు గుర్తులు, ‘సూపర్ అన్నా’, ‘కేక’. మర్నాడు అదే బొమ్మ యూట్యూబ్‌లో పడితే నొక్కేవాళ్లు ఉండరు. గ్రూపులో మెచ్చుకున్నవాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్లకు కథ ముందే తెలుసు, తీసిన మనిషి తెలుసు, పోస్టర్‌లో నిలబడింది ఎవరో తెలుసు. బొమ్మ చెప్పకుండా వదిలేసిన సంగతులన్నీ వాళ్ల బుర్ర తనంతట తానే నింపుకుంది.

పెద్ద సినిమాకు ఈ ఇబ్బంది తక్కువ. అక్కడ పోస్టర్ పని అప్పటికే తెలిసిన ముఖాన్ని, అప్పటికే విన్న పాటను గుర్తుచేయడం. షార్ట్ ఫిల్మ్‌లో ముఖం కొత్తది, పేరు కొత్తది, ప్రచారం లేదు. కాబట్టి పోస్టర్ ఒక్కటే రెండు మూడు సెకన్లలో ‘ఇది ఫలానా రకం కథ, ఈ మనిషికి ఈ చిక్కు వచ్చింది’ అని చెప్పగలగాలి. అది చెప్పిందో లేదో తేలాలంటే నచ్చిందా అని కాదు, ఏం అర్థమైందని అడగాలి. చూసేవాళ్ల అభిప్రాయం ఓటు కాదు, నాడి. ‘చేతులు లాగేస్తున్నాయి’ అని రోగి చెబుతాడు, ఎందుకు లాగుతున్నాయో వైద్యుడు కనిపెట్టాలి. ‘ఏదో వెలితిగా ఉంది’ అన్నంతవరకే చూసేవాడి బాధ్యత, వెలితి ఎక్కడుందో వెతకడం డిజైన్ చేసేవాళ్ల పని.

విషయం చేతికి అందడానికి ఒక కథ అనుకుందాం. నెల్లూరు జిల్లా తీరంలో, విడవలూరు వైపు, వనామీ రొయ్యల గుంట. రాత్రి కాపలాకు ఒక్కడే మనిషి. తెల్లవారబోతుండగా కరెంటు పోయి ఏరేటర్లు, అంటే నీళ్లు చిమ్ముతూ గుంటకు గాలి అందించే చక్రాలు, ఆగిపోతాయి. జనరేటర్ తిప్పుదామంటే డీజిల్ లేదు. ఆ డీజిల్ అమ్ముకున్నది ఆ కాపలా మనిషే, కూతురి ఫీజు కోసం. ఈ చివరి సంగతి ఆఖరి రెండు నిమిషాల్లో గానీ బయటపడదు. నిడివి 18 నిమిషాలు, పేరు ‘నాలుగో జాము’, అంటే తెల్లవారే ముందు రాత్రి చివరి భాగం. గుంటల మీద బతికేవాళ్లకు ఆ పేరులోని భయం విడమరచి చెప్పనక్కర్లేదు. రాత్రంతా నీటిలోని నాచు, రొయ్యలు ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి, ఎండ లేదు కాబట్టి నాచు కొత్తగా ఇచ్చేది లేదు. అందుకే నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకు దిగేది తెల్లవారే ముందే. ఆ గంటలో చక్రాలు ఆగితే పెట్టుబడి నీళ్లలోనే తేలుతుంది.

మొదటి పోస్టర్ చాలామంది వేసేలాగే వేశారనుకుందాం. నల్లటి రాత్రి, గడ్డం కింద నుంచి టార్చి వెలుగు పడిన ముఖం, ఎరుపులో బ్రష్‌తో గీసినట్టున్న పేరు. తీసినవాళ్ల కంటికి అది ఆందోళన. కథ తెలియని మనిషికి చూపిస్తే వచ్చే మాట: ‘ఏందబ్బా ఇది, దెయ్యం సినిమానా?’ ఆ మాటలో తప్పేమీ లేదు. కింద నుంచి వెలుగు, నలుపు మీద ఎరుపు, చెదిరిన అక్షరం, ఈ మూడూ కలిస్తే దెయ్యం కథ అని మన కళ్లు ఏళ్ల తరబడి నేర్చుకున్నాయి. దెయ్యం కోసం వచ్చినవాడు మూడో నిమిషంలో వెళ్లిపోతాడు, కాపలా మనిషి కథ చూడాల్సినవాడు అసలు లోపలికే రాడు. రెండు వైపులా నష్టం.

దాన్ని సరిచేయబోయి రెండో పోస్టర్‌లో తెల్లవారు వెలుగు, వెడల్పాటి గుంట, గట్టు మీద చిన్నగా మనిషి. ఈసారి వచ్చే మాట: ‘రొయ్యల సాగు మీద అవగాహన వీడియోనా?’ ఇదీ నిజమే. వెడల్పు బొమ్మలో ఊరు కనిపించింది, మనిషి కనిపించలేదు. చిక్కు కనిపించలేదు.

మూడోదాంట్లో మనిషి నడుము దాకా, రెండు చేతులూ జనరేటర్ హ్యాండిల్ మీద, చూపు మాత్రం హ్యాండిల్ మీద కాకుండా పక్కన చీకట్లో ఆగిపోయిన ఏరేటర్ చక్రం వైపు. వెలుగు కాపలా పాకలోని ఎమర్జెన్సీ లైటుది, పక్క నుంచి. దీనికి వచ్చే మాట ‘కరెంటు పోయిందా? ఏదో తిప్పుతున్నాడు, అందట్లా’ అని ఉంటే పోస్టర్ పని చేస్తోందని లెక్క. ‘బాగుంది’ అన్న మాట ఒక్కసారీ రాకపోయినా పర్వాలేదు.

ఎవరిని అడగాలి, ఎలా చూపాలి

యూనిట్‌లోవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు, డిజైన్ నేర్చుకున్నవాళ్లు మొదటి విడతకు పనికిరారు. డిజైన్ తెలిసినవాళ్లు తమకు కలిగింది చెప్పరు, తామైతే ఏం చేసేవాళ్లో చెబుతారు. కావాల్సింది రెండు రకాల మనుషులు. ఒకటి, ఇలాంటి సినిమా ఫోన్‌లో చూసే అవకాశం ఉన్నవాళ్లు: నెల్లూరులో వీఆర్సీ సెంటర్ దగ్గరో, ఒంగోలులో అద్దంకి బస్టాండ్ దగ్గరో టీ తాగుతున్న కాలేజీ పిల్లలు, షాపుల్లో పనిచేసేవాళ్లు, బస్సు కోసం కూర్చున్నవాళ్లు. రెండు, కథలో ఉన్న పని తెలిసినవాళ్లు: ఇక్కడైతే గుంటల రైతులు, కాపలా మనుషులు, మేత వేసేవాళ్లు. ఈ రెండో రకం ఇద్దరు ముగ్గురైనా చాలు. వాళ్లు చూసేది వేరు, దాని సంగతి తర్వాత.

ఒకే రోజు ముప్పై మందిని అడగడం కంటే ఆరుగురి చొప్పున మూడు విడతలు మేలు. ఆరుగురిలో నలుగురు ఒకే చోట తడబడితే ఏడో మనిషి కూడా అక్కడే తడబడే అవకాశం ఎక్కువ. మిగతా ఇరవై నాలుగు మందికి పాడైన పోస్టరే చూపించి వాళ్ల కొత్త కళ్లను వృథా చేయడం దేనికి? ఒకసారి చూసిన మనిషి మళ్లీ మొదటిసారి చూడలేడు. మొదటి విడత, దిద్దుబాటు, కొత్తవాళ్లతో రెండో విడత, దిద్దుబాటు, మూడో విడత. పెద్ద మార్పులన్నీ మొదటి రెండు విడతల్లోనే తేలాలి, మూడోది అక్షరాలు, రంగుల కోసం.

చూపించే పద్ధతి చాలా సాదా. పోస్టర్‌ను ఫోన్‌లోనే చూపాలి, ల్యాప్‌టాప్‌లో కాదు. బ్రైట్‌నెస్ సగానికి తగ్గించి, నీడలో ఒకసారి, ఎండలో ఒకసారి. ఒక్కదాన్నే తెర నిండా చూపితే ఏ బొమ్మైనా ఘనంగానే కనిపిస్తుంది. అందుకని ఏడెనిమిది వేరే వీడియోల బొమ్మల మధ్య దీన్ని ఇరికించి, యూట్యూబ్ వరుసలా ఒక స్క్రీన్‌షాట్ తయారు చేసుకుని ముందు అది చూపాలి. ‘వీటిలో ఏది కంట్లో పడింది?’ ఇది మొదటి ప్రశ్న. తర్వాత పోస్టర్‌ను విడిగా 5 సెకన్లు చూపించి ఫోన్ తిప్పేయాలి. బొమ్మ కళ్లముందు లేనప్పుడే మిగతావి అడగాలి.

ఏం చూశారు? సినిమా పేరేంటి? ఎలాంటి కథ అనుకుంటున్నారు? ఆ మనిషి ఏం చేస్తున్నాడు? ఇది ఎక్కడ జరుగుతోంది? ఈ ఐదూ చాలు. ‘టెన్షన్‌గా అనిపించిందా?’ అని అడిగితే మనవాళ్లు మర్యాదకు ‘అవునవును’ అంటారు. జవాబు ప్రశ్నలో ఉండకూడదు. అవతలి మనిషి ‘జామ గురించా?’ అన్నప్పుడు నవ్వకూడదు, ‘కాదన్నా, అదేంటంటే’ అని కథ మొదలుపెట్టకూడదు. ఆ ఒక్క వాక్యంతో ఆ మనిషి సాక్ష్యం చెడిపోతుంది. పోస్టర్ వేసినవాళ్లు కాకుండా ఇంకొకరు అడిగితే ఇంకా మంచిది. తాను గీసినదని తెలిస్తే ముఖం మీద తప్పు చెప్పేవాళ్లు మన దగ్గర తక్కువ.

రాసుకునేటప్పుడు వాళ్లన్న మాట అన్నట్టే రాయాలి. ‘చీకటిగా ఉందబ్బా, ఏం కనపడట్లా’ అన్నదాన్ని ‘కాంట్రాస్ట్ తక్కువ’ అని సంగ్రహిస్తే అక్కడే అసలు విషయం జారిపోతుంది. ఆ మాటకు మూడు కారణాలు ఉండొచ్చు: ఫోన్ బ్రైట్‌నెస్, బొమ్మలో నీడలన్నీ ఒకే నలుపులో కలిసిపోవడం, లేదా చూడటానికి ఒక్క వెలుగు చోటు కూడా లేకపోవడం. మాట ఉంటే మూడూ పరీక్షించవచ్చు. సంగ్రహం ఉంటే ఒక్కటే సరిచేసి ఊరుకుంటాం.

తరచూ వినబడే ఇంకో మాట ‘గజిబిజిగా ఉంది’. వస్తువులు ఎక్కువైతే అలా అంటారనుకుంటాం గానీ, ఎక్కువసార్లు కారణం వేరు. బొమ్మలో ఒకే బలంతో లాగేవి రెండు ఉంటాయి. ముఖం ఒక పక్క, అంతే వెలుగున్న బల్బు ఇంకో పక్క. కన్ను రెండిటి మధ్య తచ్చాడుతుంది. బల్బు వెలుగు సగానికి తగ్గిస్తే ఒక్క వస్తువూ తీసేయకుండానే గజిబిజి పోతుంది. కళ్లు సగం మూసి చూస్తే ఏది ముందు లాగుతోందో తెలిసిపోతుంది. పాత ఉపాయమే, ఇప్పటికీ దానికి మించింది లేదు.

తెలుగు అక్షరం దగ్గరే సగం పోస్టర్లు ఓడిపోతాయి

‘నాలుగో జాము’ అన్న పేరును చిన్న సైజులో చూసినవాళ్లు ‘నాలుగో జామ’ అని చదవడానికి కారణం పాఠకుడి అజాగ్రత్త కాదు. ‘మ’కు, ‘ము’కు తేడా కుడివైపు ఉన్న ఒక్క కొమ్ము మెలిక. లావుపాటి ఫాంట్‌లో ఆ మెలిక లోపలి ఖాళీ వెంట్రుకంత ఉంటుంది. బొమ్మను 160 పిక్సెళ్ల వెడల్పుకు కుదిస్తే ఆ ఖాళీ పూడిపోయి, మెలిక అక్షరంలో కరిగిపోతుంది. తెలుగులో ఇలాంటి జంటలు బోలెడు: ‘వు’ - ‘పు’, ‘వ’ - ‘ప’, ‘ధ’ - ‘థ’, ‘బ’ - ‘భ’. ఒక తలకట్టో, ఒక చుక్కో, ఒక చీలికో మాత్రమే తేడా. ఇంగ్లిష్ అక్షరాలకు పనికొచ్చే ‘ఎంత లావైతే అంత బాగా కనిపిస్తుంది’ అన్న సూత్రం తెలుగుకు ఒక హద్దు దాటాక తిరగబడుతుంది. గీత లావెక్కే కొద్దీ లోపలి గుండ్రాలు మూసుకుపోతాయి.

దిద్దుబాటు మూడు రకాలుగా ఉంటుంది. ఫాంట్ ఒక మెట్టు సన్నం చేసి సైజు పెంచడం ఒకటి. ఫాంట్‌లోని అక్షరాన్ని గీతగా మార్చుకుని, ‘ము’ కొమ్మును చేత్తో కాస్త బయటికి లాగి, లోపలి ఖాళీని పెంచడం రెండోది. పేరంతా మార్చనక్కర్లేదు, ఆ ఒక్క అక్షరం చాలు. మూడోది మొత్తం పేరును చేత్తో రాయించడం. గోడల మీద, బోర్డుల మీద రాసే పెయింటర్లు జిల్లాలో ఇంకా ఉన్నారు. తెల్ల కాగితం మీద రాయించి ఫోటో తీసుకుంటే వచ్చే అక్షరానికి ఏ ఫాంటూ సాటి రాదు. ఆ కాగితాన్ని నీడలో, పైనుంచి తిన్నగా ఫోటో తీయాలి, లేకపోతే గీతలు ఒక వైపు సన్నబడతాయి.

ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లలో రామభద్ర పేరుకు సరిపోయే లావు ఉన్నది, మండలి కింద చిన్న వాక్యాలకు చక్కగా ఒదుగుతుంది. ఫోటోషాప్‌లో వత్తులు విడిపోయి, అక్షరం పక్కన అక్షరంగా పడుతుంటే ఫాంట్‌ను తిట్టి లాభం లేదు. పాత వెర్షన్లలోనైతే ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్స్ వాడకం ఎక్కువ. యూనికోడ్‌లో కొట్టిన మాటను అక్కడ తెరిస్తే గుర్తులు గుర్తులుగా మారుతుంది. పంపేముందే అక్షరాలన్నీ కర్వ్స్‌గా, అంటే ఫాంట్ అక్కర్లేని గీతలుగా, మార్చిన ఫైలు ఒకటి, దిద్దుకోవడానికి వీలైన ఫైలు ఒకటి విడివిడిగా ఉంచుకోవాలి.

వరుసల మధ్య దూరం సంగతి కూడా ఇక్కడే. పై వరుసలో వత్తు కిందికి దిగుతుంది, కింది వరుసలో గుడి పైకి లేస్తుంది. ఇంగ్లిష్ కొలతతో వదిలేస్తే రెండూ గుద్దుకుంటాయి. అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లతో మొదలుపెట్టి, పేరులో వత్తులు లేకపోతే తగ్గించుకోవాలి. ‘నాలుగో జాము’లో వత్తే లేదు కాబట్టి రెండు మాటలనూ ఒకదాని కింద ఒకటి దగ్గరగా అమర్చవచ్చు. పేరు పెట్టేటప్పుడు దీన్నెవరూ ఆలోచించరు గానీ, వత్తులు లేని పేరు పోస్టర్‌కు వరం.

పేరుతో ఇంకో చిక్కు అర్థానిది. ‘జాము’ అంటే ఇరవై ఏళ్ల కుర్రాళ్లలో కొందరికి తెలియదు, ‘తెల్లవారుజాము’ అంటే అందరికీ తెలుసు. ఇలాంటప్పుడు పేరు మార్చేయమని సలహాలు వస్తాయి. మార్చనక్కర్లేదు. పేరు కింద వాక్యం ఆ పని చేయగలదు: ‘కరెంటు పోయింది. తెల్లారడానికి ఇంకా రెండు గంటలు.’ ఇది చదివినవాడికి జాము దానంతటదే అర్థమవుతుంది, పేరులోని బరువు మిగులుతుంది. ఆ వాక్యంలోని మాటలనూ పరీక్షించాలి. అందులో ‘చెరువు’ అని పెడితే గోదావరి జిల్లాలవాళ్లకు రొయ్యల చెరువు తడుతుందేమో గానీ, ఇక్కడ చెరువంటే నెల్లూరు చెరువు, పొలాలకు నీళ్లిచ్చే చెరువు. రొయ్యలది గుంట. ఊరి మాట పడిన చోట పోస్టర్‌కు నమ్మకం వస్తుంది.

ఒక్కరు చెప్పినా వినాల్సిన మాట

గుంటల మీద పనిచేసేవాళ్లకు పోస్టర్ చూపించాలన్నది ఇందుకే. కాలేజీ కుర్రాళ్లు ఆరుగురూ మెచ్చిన మూడో పోస్టర్‌ను కాపలా మనిషి ఒకడు చూసి, ‘కరెంటు పోయిందంటివి, ఆ వెనక నురగ లేస్తా ఉండాదేంది?’ అనొచ్చు. నిజమే. వెనక మూలలో ఇంకో ఏరేటర్ తిరుగుతూ నీళ్లు చిమ్ముతోంది, షూటింగ్ రోజు అది ఆపలేదు. డిజైన్ చేసినవాళ్లకు అది అందమైన తెల్ల మచ్చ. పని తెలిసినవాడికి కథంతా అబద్ధమని చెప్పే గుర్తు. గుంట చుట్టూ పీతలు రాకుండా కట్టే పట్టా, కొంగలూ కాకులూ దిగకుండా పైన లాగే దారాలు కనిపించకపోయినా ఇలాంటి ప్రశ్నే వస్తుంది. ఆ దారాలు గీతల్లా అడ్డమొస్తున్నాయని ఫోటోలో చెరిపేస్తే నిజమైన గుంట పోయి బొమ్మ గుంట మిగులుతుంది.

అర్థం కాలేదన్న ఫిర్యాదుకు సంఖ్య కావాలి. వాస్తవం తప్పన్న ఫిర్యాదుకు సంఖ్యతో పని లేదు, ఒక్కరు చెప్పినా సరిదిద్దాల్సిందే. చీమకుర్తి గ్రానైట్ క్వారీ కథైనా, టంగుటూరు పొగాకు వేలం కేంద్రం కథైనా ఇదే లెక్క. పొగాకు బేళ్ల (కట్టల) వరుస తప్పుగా పేర్చి ఉంటే రైతుకు ఒక్క చూపులో తెలుస్తుంది.

వినకూడని మాటలు కూడా ఉంటాయి. ‘డీజిల్ క్యాను చేతిలో పెడితే ఇంకా బాగుంటుంది’ అని కథ తెలిసినవాళ్లెవరో తప్పకుండా అంటారు. అది చివరి రెండు నిమిషాల రహస్యాన్ని ముందే పరిచేయడం. ఇలాంటి సలహా వచ్చినప్పుడు అడగాల్సింది ఒకటే: ఈ మనిషికి ఏది అందలేదు? బహుశా జనరేటర్ ఎందుకు తిరగడం లేదో అర్థం కాలేదు. అది అర్థం కాకపోవడమే పోస్టర్‌కు కావాలి, ఆ ప్రశ్నే లోపలికి లాగుతుంది. కాబట్టి సలహాను వదిలేసి, దాని వెనక ఉన్న సంకేతాన్ని మాత్రం తీసుకోవాలి.

డబ్బు పెట్టినవాళ్ల ఫోటో, శుభాకాంక్షలు చెప్పే నాయకుల ఫోటోలు, యూనిట్ అందరి ముఖాలు పోస్టర్ మీదికి రావాలన్న ఒత్తిడి మన ఊళ్లలో మామూలే. దీన్ని వాదనతో గెలవడం కష్టం, పరీక్షతో తేలిక. ముఖాలున్నదొకటి, లేనిదొకటి చేసి, కొత్తవాళ్లకు 5 సెకన్లు చూపించి ‘ఏం చూశారు?’ అన్న దానికి వచ్చిన జవాబులు వాళ్ల ముందే పెట్టాలి. ‘ఏదో పుట్టినరోజు ఫ్లెక్సీ’ అన్న మాట రెండుసార్లు వచ్చిందంటే పెద్దమనుషులే తగ్గుతారు. వాళ్ల కోసం వేరే అభినందన కార్డు చేసి ఇస్తే గౌరవమూ నిలుస్తుంది.

రెండిటిలో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే

రెండు పోస్టర్లను పోల్చేటప్పుడు వాటి మధ్య ఒక్క తేడానే ఉండాలి. ఫోటో, రంగు, ఫాంట్ అన్నీ వేరైతే ఏది గెలిచిందో తెలుస్తుంది గానీ ఎందుకు గెలిచిందో తెలియదు. పక్కపక్కన పెట్టి చూపిస్తే జనం పోల్చడం మొదలుపెడతారు, చూడటం మానేస్తారు. సగం మందికి ఒకటి, సగం మందికి రెండోది చూపించి జవాబులు పోల్చడం సరైన పద్ధతి. తప్పనిసరై రెండూ ఒకరికే చూపిస్తే, ఒకరికి మొదటిది ముందు, తర్వాతి మనిషికి రెండోది ముందు.

లెక్క దగ్గర చాలామంది మోసపోతారు. పదిమందిలో ఆరుగురు ఒకదాన్ని ఎంచుకుంటే గెలిచినట్టు కాదు. నాణెం పదిసార్లు ఎగరేసినా ఆరు లేదా అంతకంటే ఎక్కువ బొమ్మలు పడే అవకాశం నూటికి దాదాపు 38. అదే తొమ్మిది, ఆపైన పడే అవకాశం నూటికి ఒకటి. పదిమందిలో తొమ్మిది మంది ఒకవైపు ఉంటే వినాలి. ఆరు-నాలుగు అయితే ఏదీ గెలిచినట్టు తేలలేదని, తీసినవాళ్ల ఇష్టప్రకారం నిర్ణయించుకోవచ్చని అర్థం. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో పెట్టే పోల్‌కు ఇంకో లోపముంది. ఓటు వేసేవాళ్లు మన పేజీని ముందే అనుసరిస్తున్నవాళ్లు, వాళ్లు కొత్త కళ్లు కాదు.

యూట్యూబ్ తనంతట తాను పరీక్షించే సౌకర్యం ఇచ్చింది. ఒక వీడియోకు మూడు థంబ్‌నెయిల్స్ (నొక్కకముందు వరుసలో కనిపించే బొమ్మలు) దాకా ఎక్కిస్తే, వేర్వేరు ప్రేక్షకులకు వేర్వేరువి చూపించి, ఎవరు ఎంతసేపు చూశారన్న దాన్నిబట్టి తేలుస్తుంది. నొక్కులను కాకుండా చూసిన సమయాన్ని లెక్కలోకి తీసుకోవడం ఇక్కడ మేలు. దెయ్యం పోస్టర్ ఎక్కువ నొక్కులు తెచ్చినా తొందరగా వెళ్లిపోయేవాళ్లనే తెస్తుంది. అయితే చిన్న ఛానెల్‌కు తేల్చేంత మంది రాకపోవచ్చు, ఫలితం అస్పష్టంగానే ముగుస్తుంది. అందుకే టీ కొట్టు దగ్గరి ఆరుగురు ముందు, యూట్యూబ్ తర్వాత.

థంబ్‌నెయిల్ అంటే నిలువు పోస్టర్‌ను అడ్డంగా కోయడం కాదు. 1280×720 పిక్సెళ్ల చట్రంలో బొమ్మను మళ్లీ కూర్చాలి. కుడి కింద మూల నిడివి అంకెలకు వదిలేయాలి. చాలామంది పేరు చివరి అక్షరం అక్కడే పెట్టి పోగొట్టుకుంటారు. కింది వాక్యం, నటుల పేర్లు థంబ్‌నెయిల్‌లో వద్దు. పేరు, మనిషి, ఆగిన చక్రం, అంతే. వాట్సాప్ స్టేటస్‌కు 1080×1920, ఇన్‌స్టాగ్రామ్‌కు 1080×1350 వేరువేరుగా చేసుకోవాలి.

ఫోటో, నలుపు, అచ్చు

దిద్దుబాట్లు చేయాలంటే చేతిలో తగిన ఫోటో ఉండాలి. సినిమాలోంచి ఒక ఫ్రేమ్ తీసి పోస్టర్ చేద్దామనుకుంటే 1920×1080 ఫ్రేమ్ 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 6.4 అంగుళాల వెడల్పుకు మించి రాదు. 4కే ఫ్రేమ్ ఎత్తు 2160 పిక్సెళ్లు, దాన్ని ఏ3 నిలువు పోస్టర్‌కు సాగదీస్తే అంగుళానికి 131 పిక్సెళ్లే. పైగా వీడియో ఫ్రేమ్‌లో కదిలే చేయి మసకబారి ఉంటుంది. షూటింగ్ షెడ్యూల్‌లోనే పోస్టర్‌కు అరగంట కేటాయించి, స్టిల్ కెమెరాతో, నిలువుగా, అదే లైటింగ్‌లో పాతిక ముప్పై భంగిమలు తీసుకోవాలి. మనిషి ఒక్కడు, చక్రం ఒక్కటి, ఖాళీ గుంట ఒక్కటి కూడా విడివిడిగా తీసుకోవాలి. మొదటి విడత జవాబులు విన్నాక అవి ఎంత పనికొస్తాయో తెలుస్తుంది. షూటింగ్ అయ్యాక అదే గుంట అదే నీటిమట్టంతో దొరకదు, పంట పట్టేసి ఉంటారు.

రాత్రి పోస్టర్లకు వాట్సాప్ గండం ఒకటి. ముదురు నీలం నుంచి నలుపుకు మెల్లగా జారే చోట కుదింపు వల్ల మెట్లు మెట్లుగా చారలు పడతాయి. ‘ఆకాశంలో గీతలేంటి?’ అని ఎవరైనా అంటే అదే. ఆ భాగానికి రెండు మూడు శాతం నాయిస్ (ఇసుక చల్లినట్టుండే సన్నటి చుక్కలు) కలిపితే చారలు విరుగుతాయి. యూనిట్‌లోవాళ్లకు పంపేటప్పుడు ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి.

అచ్చులో నీలం రాత్రి బురద రంగు తేలడానికి కారణం తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులతో (ఆర్‌జీబీ), అచ్చు సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్ ఇంకులతో (సీఎంవైకే) రంగులు కలపడం. తెర మీద మెరిసే నీలాలు చాలా వరకు ఇంకుకు అందవు. సీఎంవైకేకు మార్చి చూసుకుని, నీడలను పది పదిహేను శాతం తేల్చాకే ప్రెస్‌కు ఇవ్వాలి. విశాలమైన నలుపుకు ఒక్క నల్ల ఇంకే పోస్తే వెలిసినట్టు ఉంటుంది, సయాన్ 60, మెజెంటా 40, ఎల్లో 40, బ్లాక్ 100 కలిపితే నిండుగా వస్తుంది. చిన్న అక్షరాలకు మాత్రం బ్లాక్ ఒక్కటే. నాలుగు ఇంకులూ వెంట్రుకవాసి పక్కకు జరిగినా వత్తులు మసకబారతాయి.

ఏ3కి 3508×4961 పిక్సెళ్లు, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయేందుకు అదనంగా వదిలే అంచు). ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఫ్లెక్సీకి 72 డీపీఐ సరిపోతుంది, అంటే 5184×3456. ఫ్లెక్సీ అంచులు మడిచి రింగులు కొడతారు కాబట్టి నాలుగు వైపులా మూడు అంగుళాల లోపల ఏ అక్షరమూ ఉండకూడదు. బోర్డులు రాసేవాళ్ల పాత లెక్క ప్రకారం పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. తెలుగులో ఆ అంగుళాన్ని గుడులు, వత్తులు కలపకుండా అక్షరం ఒంటి మీదే కొలవాలి.

మొత్తం ప్రతులు వేయించే ముందు ఒకే ఒక్క ఏ3 తీయించి, టీ కొట్టు గోడకు అంటించి, పది అడుగుల దూరం నుంచి కొత్త మనిషితో పేరు చదివించాలి. ‘జాము’ అని చదివితే ప్రెస్‌కు పంపొచ్చు. ఈలోగా కింద వరుసలోని పేర్లను ఎవరి పేరు వారికే పంపి, ఇంటిపేరు అక్షరాలతో సహా సరిగ్గా ఉందని ఒక్కొక్కరి దగ్గరా జవాబు తెప్పించుకోవాలి. జవాబు రాని పేరు ఒక్కటి ఉన్నా ఫైలు ఆగాలి.